మెడ దగ్గర ఆగే మనిషి

పోయినవారం మేనకోడల్ని వానగది తలుపు ముందు, గడియ మీద చెయ్యేసి, లోపలికి వెళ్ళాలా వద్దా అని తటపటాయిస్తుండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఈవారమే మనతో కలిసినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆ వానగది ఉన్న ఫ్యాక్టరీ ఆ పిల్ల మేనత్తది. గుడారాలూ వీపుసంచులూ కుడతారక్కడ. అత్తకి కాళ్ళకు చక్రాలుంటాయని చుట్టాలందరూ అంటారు. ఏటా ఒకసారి మిషన్ల చప్పుడు పక్కన పెట్టి, ఒక జట్టుని వెంటేసుకుని ఏదో ఒక మంచుకొండకి బయల్దేరుతుంది. ఆ యాత్ర పేరు చెప్పి పోగైన విరాళాలన్నీ కాళ్ళు పోయిన పిల్లలకి కొత్త కాళ్ళు అమర్చే ఆస్పత్రికి చేరతాయి. ఈసారి బూట్ల కంపెనీ యజమాని ఒకాయన ముందుకొచ్చి, ఆ ఆస్పత్రికి కొత్త వార్డు మొత్తం నేనే కట్టిస్తానన్నాడు. షరతు ఒక్కటే. అత్త తన కంపెనీ బూట్లు తొడుక్కుని శిఖరం మీద నిలబడాలి, కెమెరావాళ్ళు ఫొటో తియ్యాలి. అదెంత పని అనుకున్నారు చుట్టాలందరూ. అత్త మాత్రం "ఆలోచించి చెప్తాను" అంది. ఏ విషయమైనా అడిగిన నోరు మూతపడకముందే జవాబు చెప్పే మనిషి ఆలోచించడమేమిటని మేనకోడలు ఏటా వాళ్ళకి దారి చూపే గైడుని నిలదీసింది. ఆయన కాసేపు నీళ్ళు నమిలి, చివరికి నోరు జారాడు. జట్టుని నడిపించడమే తప్ప, ఇన్నేళ్ళ యాత్రల్లో మీ అత్త ఏ శిఖరం మీదా కాలు పెట్టలేదమ్మా అని.

ఆ మాట విన్నప్పటినుంచి మేనకోడలికి కుదురు లేదు. చిన్నప్పుడు ఇంట్లో గోడగడియారం ఎందుకు టిక్కుటిక్కుమంటుందో తెలుసుకుందామని దాన్ని ఊడదీసి, తిరిగి బిగించలేక వీపు విమానం మోత మోగించుకున్న పిల్ల ఆమె. పెద్దదై, గుడారాల నమూనాలు గీసే ఉద్యోగంలో చేరినా బుద్ధి మారలేదు. ఏదైనా మూసి ఉంటే తెరిచి చూడాల్సిందే.

గడియ తీసి లోపలికి వెళ్ళింది.

వానగది అంటే ఆ ఫ్యాక్టరీలో అన్నిటికన్నా చల్లటి చోటు. పైకప్పు కింద చిల్లుల గొట్టాలు, ఒక గోడకి మనిషెత్తు ఫ్యాను, నేల మీద నీళ్ళు పారడానికి కాలువ. కొత్త రకం గుడారం ఏది కుట్టినా ముందు ఇక్కడ వేసి, వాన కురిపించి, గాలి తోలి చూస్తారు. మిగతా కంపెనీల్లో ఆ పని మీటర్లు చూసుకుంటాయట. ఇక్కడ మాత్రం అత్తే లోపల పడుకుంటుంది. తడిసిందో లేదో మీటరుకేం తెలుసు, వీపుకి తెలియాలి గానీ అంటుంది. పనివాళ్ళు ఎదురుగా మేడం అని పిలిచి, వెనకాల టెంటమ్మ అని చెప్పుకునేది అందుకే. ఆ సంగతి అత్తకీ తెలుసు. మేడం కన్నా అదే బాగుందని ఆవిడ ఉద్దేశం.

ఆ ఉదయం గది మధ్యలో ఉన్న పసుపుపచ్చ గుడారం మేనకోడలు గీసినదే. దాని మీద వాన దడదడా పడుతోంది. మేనకోడలు తల వంచుకుని పరిగెత్తి, జిప్పు లాగి, సగం తడిసి లోపల దూరింది.

"ఎవరే అది? ముందు జిప్పు వెయ్యి. టెంటు కారకపోయినా నువ్వు కారుస్తున్నావు."

అత్త వెల్లకిలా పడుకుని, వేలితో తల పైని కుట్టు వెంబడి మెల్లగా తడుముతోంది. జుట్టు సగం నెరిసింది. ముక్కు చివర ఏళ్ళ తరబడి ఎండా మంచూ కాల్చిన మచ్చ. పక్కన ఫ్లాస్కు, ఫోను, తల కింద పాత వీపుసంచి.

"ఈ మూల చూడు. చెమ్మ తగుల్తోంది. కుట్టు మీద టేపు సరిగ్గా అంటుకోలేదు."

"అంటిస్తా గానీ, అత్తా, ఒకటి అడగనా?"

"అడక్కుండా ఉండగలిగితే నువ్వు మా అన్నయ్య కూతురివెలా అవుతావు? అడుగు."

మేనకోడలు గుక్క తిప్పుకుంది. రాత్రంతా ఆ ప్రశ్నని నాజూగ్గా ఎలా అడగాలా అని నలభై రకాలుగా అనుకుంది. తీరా నోరు తెరిస్తే ఉన్నదున్నట్టు బయటికొచ్చింది.

"నువ్వు శిఖరం ఎందుకెక్కవు?"

 అత్త వేలు కుట్టు మీద ఆగిపోయింది.

"ఎవరన్నారు ఎక్కనని?"

"కుట్టుహాల్లో నీకు మోకాలి నొప్పి అంటారు. ఆఫీసులో అయితే, నీకు ఫొటోలంటే పడదంటారు. కత్తెర మాస్టరు అయితే నీకు ఎత్తంటే భయమనీ, పైకి చెప్పుకోలేవనీ..."

"భయమా? ఆ ముసలాడా అన్నది? స్టూలెక్కి బల్బు మార్చమంటే కాళ్ళు వణుకుతాయి ఆయనకి!" అత్త పకపకా నవ్వింది. మేనకోడలు నవ్వలేదు.

"గైడు మామ చెప్పాడు. మెడ దాకా వస్తావట. అక్కడ ఆగిపోతావట. అందర్నీ పైకి పంపించి, మళ్ళీ వాళ్ళు దిగొచ్చేదాకా ఒక్కదానివే కూర్చుంటావట."

మెడ అంటే శిఖరానికి కాస్త దిగువన, రెండు గుట్టల నడుమ సన్నగా వంగిన చోటు. ఆ కొండల్లో తిరిగేవాళ్ళు శిఖరాన్ని తల అనీ, దాన్ని మెడ అనీ అంటారు. ప్రతి కొండకీ అలాంటిది ఒకటి ఉంటుంది.

అత్త లేచి కూర్చుంది. నవ్వు పోయింది.

"ఆ మనిషికి కడుపులో మాట దాగదు," అంది. "ఇంకేం చెప్పాడు?"

"అంతే. మిగతాది నిన్నే అడగమన్నాడు."

"అంత బుద్ధయినా మిగిలింది. సంతోషం."

ఫ్లాస్కు మూత తిప్పి టీ పోసుకుంది. మేనకోడలికి ఇవ్వలేదు. మరిచిపోయింది. అత్త ఎదుటి మనిషికి టీ ఇవ్వడం మరిచిపోవడం మేనకోడలు అదే మొదటిసారి చూడటం. 

"ఒకే ఒక్కసారి ఎక్కా," అంది అత్త. "నీకింకా పాలపళ్ళు కూడా రాలేదప్పుడు. నేను లారీలకి టార్పాలిన్లు కుట్టే షెడ్డులో పనిచేసేదాన్ని. కొండలెక్కేవాళ్ళు ఇద్దరు సంచులు బాగు చేయించుకోవడానికి వచ్చి, కబుర్లు చెప్తే చెవులప్పగించి విన్నా. నేనూ వస్తానన్నా. మీ నాన్నకి స్నేహితురాలి పెళ్ళని అబద్ధం చెప్పి పోయా."

"నాన్నకి ఇప్పటికీ తెలీదా?"

"పెళ్ళిఫొటోలేవని ఇప్పటికీ అడుగుతాడు. మధ్యలో మాట్లాడకు. ముగ్గురం బయల్దేరాం. ఆ ఇద్దరికీ తలనొప్పొచ్చి సగంలోనే దిగిపోయారు. తెలివైనవాళ్ళు. నాకు పంతం. ఒక్కదాన్నే పైకి పోయా. ఎక్కా. నిలబడ్డా. లోకమంతా నా కాళ్ళ కిందుంది అనుకున్నా. గాలికి నా నల్లద్దాలు ఎగిరిపోయాయి. పోతే పోయాయిలే అని నవ్వుకున్నా కూడా."

ఆవిడ టీ ఒక గుక్క తాగింది.

"మంచు మీద ఎండ పడితే ఏమవుతుందో నాకేం తెలుసు? దిగుతుంటే కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట. కాసేపటికి రెప్ప తెరవలేకపోయా. అప్పుడే మబ్బు కమ్మింది. అడుగేస్తే ఎటు పడుతున్నానో తెలీదు. కూర్చుండిపోయా. నిద్రొస్తోంది. ఆ చలిలో నిద్రపోతే మరి లేవం, ఆ సంగతి తెలుసు, అయినా నిద్రొస్తోంది."

మేనకోడలు తడిసిన మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది.

"అప్పుడు వినబడింది. టంగ్, టంగ్, టంగ్. గరిటెతో పళ్ళెం మీద కొట్టినట్టు. ఆ మంచులో పళ్ళెమేంటి, బుర్ర చెడిందనుకున్నా. కానీ ఆగడం లేదు. సరే, చచ్చేటప్పుడు ఎవరైనా అన్నానికి పిలుస్తుంటే వెళ్ళక మానతామా అని, పాక్కుంటూ ఆ చప్పుడు వైపు పోయా. ఎవరో నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగారు."

"ఎవరు?"

"ఒకావిడ. మొహం చూడలేదు, కళ్ళు తెరిస్తేగా. గొంతు విన్నా, చెయ్యి పట్టుకున్నా, అంతే. మెడ మీద చిన్న టెంటు వేసుకుని కూర్చుంది. వాళ్ళాయనా, ఇంకో నలుగురూ తలమీదికి పోయారట. ఆవిడకి ఊపిరాడక ఆగిపోయింది. మబ్బు కమ్మేసరికి వాళ్ళకి దారి తెలియాలని పళ్ళెం కొట్టడం మొదలెట్టింది. నన్ను తన దుప్పట్లో దూర్చింది, వేణ్ణీళ్ళు తాగించింది, కళ్ళకి గుడ్డ కట్టింది. మళ్ళీ కొట్టడం మొదలెట్టింది. ఆ టెంటు ఒక పక్క కుట్టు ఊడిపోయి నీళ్ళు నా మీద కారుతున్నాయి. తడిమి చూస్తే, ఒక చేత్తో ఆ చిరుగు మూసిపట్టుకుని, రెండో చేత్తో కొడుతూనే ఉంది. తెల్లారేదాకా."

"అందుకేనా టెంట్లు?" అంది మేనకోడలు మెల్లగా.

"మరెందుకు? వచ్చీరాగానే చేసిన పని అదే. నీళ్ళు కారని కుట్టు ఒక్కటి కుట్టి తీరాలనుకున్నా. మిగతా ఫ్యాక్టరీ అంతా దాని వెనకాల వచ్చింది."

తెల్లారాక ఆ చప్పుడు పట్టుకునే, కొండ మీదికి సామాన్లు మోసే కూలీలు నలుగురు పైకి వచ్చారట. మన గైడు వాళ్ళలో ఒకడు, అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు. అత్తని వీపున వేసుకుని దించారు. చలికి మొహమంతా గుడ్డ చుట్టుకున్న ఆవిణ్ణి కూడా రమ్మన్నారు. రానంది. మావాళ్ళు దిగుతారు, నేను లేకపోతే వాళ్ళకి దారెలా తెలుస్తుంది అంది. మర్నాడు గైడు మళ్ళీ వెళ్ళి చూస్తే మెడ మీద గుడారం లేదు, మనిషి లేదు. ఒక బండ మీద పళ్ళెం, అందులో గరిటె పెట్టి ఉన్నాయి.

"కొండకి అవతలి పక్క దిగే దారి ఒకటుంది," అంది అత్త. "తర్వాత ఆ పక్క ఊళ్ళో తెలిసింది, ఆవిడ పళ్ళెం కొట్టడం మొదలెట్టేసరికే వాళ్ళాయన జట్టు ఆ దారిన దిగిపోయి, బండి మాట్లాడుకుని పోయారట. ఆవిడకి కబురు కూడా పెట్టలేదు. వాళ్ళ కోసం కొట్టింది. విన్నది నేను."

గాలి ఫ్యాను ఒకసారి జోరందుకుంది. గుడారం గోడ లోపలికి వంగి, మళ్ళీ సర్దుకుంది.

"తర్వాత ఆవిడేమైంది?"

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదంటే తెలీదనే. పోలీసులకి చెప్పా. తప్పిపోయిందని ఎవరూ రాలేదు, కాబట్టి తప్పిపోనట్టే అన్నారు. ఊళ్ళూ, ఆస్పత్రులూ తిరిగా. పేరు తెలీదు, మొహం తెలీదు. ఎవర్ని చూపించి ఏమని అడగను?" అత్త ఇందాక తల కింద పెట్టుకున్న సంచిలో చెయ్యి పెట్టి ఒక పళ్ళెం తీసింది. మామూలు స్టీలు పళ్ళెం. నడిమధ్యన మాత్రం అరచేతి గుంటలా లోపలికి సొట్టబోయి ఉంది. "ఇందులో సగం సొట్ట ఆవిడది. మిగతా సగం నాది."

మేనకోడలు పళ్ళేన్ని రెండు చేతులతో అందుకుంది. అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది. ఏళ్ళ తరబడి అందరూ మోకాలి నొప్పనీ, భయమనీ చెప్పుకున్నది ఇదన్నమాట. పైకి పోయేవాళ్ళ వెనకాల, గాలిలో, ఎవరు దిగుతారో దిగరో తెలియకుండా కూర్చుని పళ్ళెం కొట్టడం.

"మనవాళ్ళే కాదు," అంది అత్త. "ఎవరెవరో వస్తారు. పోయినేడు దారి తప్పిన తండ్రీకూతుళ్ళు వచ్చారు. అంతకుముందు ఒకాయన వచ్చి, టీ తాగి, ఇక్కడ హోటలుందని తెలీదండీ అన్నాడు."

"మరి ఎవరికీ చెప్పవేం? ఇది గొప్ప విషయం కదా అత్తా!"

"అందుకే చెప్పను. చెప్తే కథవుతుంది. కథయితే కెమెరా మెడ దగ్గరికొస్తుంది. కెమెరా వస్తే నేను పళ్ళెం కొట్టుకోవాలా, మొహానికి పౌడరు కొట్టుకోవాలా? పైగా నేను కింద ఆగేది కాపలాకేనని తెలిస్తే మనవాళ్ళు వెనక్కి తిరగాల్సిన చోట తిరగరు. ఏం పర్లేదు, ఆవిడుందిగా అనుకుంటారు."

"ఈసారి కొండ కూడా..."

"అదే కొండ. ఇన్నేళ్ళూ దాని జోలికి పోలేదు. ఈ ఏడు ఎందుకో మనసు పీకింది." అత్త పళ్ళెం వెనక్కి తీసుకుంది. "బూట్లాయనకి తెలీక అడిగాడు, ఆయన తప్పేం లేదు. నేను తలమీదికి పోతే మెడ దగ్గర ఎవరుంటారు? పోకపోతే వార్డు రాదు. రెండ్రోజులుగా ఈ టెంట్లో పడుకుని అదే ఆలోచిస్తున్నా. నీ కుట్టు కారుతోందన్నది సాకు."

"అయితే కారట్లేదా?"

"కారుతోంది. అదీ నిజమే."

మేనకోడలికి ఆ ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. పోయిన నెల అత్త వెంట వెళ్ళినప్పుడు చూసింది. లోపల చోటు లేక మంచాలు వరండాలోనే వేశారు. ఒక పాప రెండు ఇనపకడ్డీలు పట్టుకుని కొత్త కాలితో నడక నేర్చుకుంటూ, ఎదురుగా వచ్చేవాళ్ళకి దారివ్వడం కోసం మాటిమాటికీ ఆగి, పక్కకి జరుగుతోంది. నడవడం కన్నా జరగడానికే ఎక్కువ కష్టపడుతోంది.

ఇంకో విషయం కూడా గుర్తొచ్చింది. అది చెప్పుకోవడానికి ఆమెకే సిగ్గనిపించింది. ఈ యాత్రకి తననీ తీసుకెళ్తానని అత్త అన్న రోజునుంచీ, సంచిలో ఇసుక నింపుకుని రోజూ ఫ్యాక్టరీ మెట్లు ఎక్కి దిగుతోంది. ఆ శిఖరం మీద నిలబడటం ఎన్నిసార్లు కలగన్నదో లెక్కలేదు. కలలో తనొక్కతే ఉండేది.

అంతలో బయట తలుపు చప్పుడైంది. "మేడం! మేడం ఉన్నారా?" అని గొంతు. ఆ వెంటనే "అమ్మో" అని ఇంకో కేక. వానగదిలో వాన పడుతుందని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

జిప్పు లోంచి ముందు ఒక మెరిసే బూటు, దాని వెనకాల బూట్లాయన లోపలికొచ్చాడు. చక్కగా కుట్టిన కోటు వీపుకి అతుక్కుపోయింది. భారీ మనిషి. ముగ్గురూ మోకాళ్ళు తగుల్తూ కూర్చోవాల్సొచ్చింది.

"ఆఫీసులో ఉంటారనుకున్నా," అన్నాడాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"ఇదే మా ఆఫీసు సార్. టీ తీసుకోండి."

బూట్లాయన చెడ్డవాడు కాదు. టీ తీసుకుని, లోపలి కుట్లని నిజంగానే శ్రద్ధగా చూసి, బాగుందండీ అన్నాడు. తర్వాత అసలు విషయానికొచ్చాడు. "రేపు మా బోర్డు కూర్చుంటుంది మేడం. వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. మీరు పైన నిలబడితే నేను వార్డుకి ఒప్పించగలను. లేకపోతే నా చేతుల్లో ఏం లేదు. అసలు మీకొచ్చిన ఇబ్బందేంటో చెప్పండి. ఆరోగ్యమా? డాక్టర్ని పంపిస్తాం. బూటు సైజా?"

"ఇబ్బందేం లేదు. నా పని మెడ దాకానే."

"మెడ దగ్గర కూర్చున్న మనిషి కాళ్ళకేసి ఎవరు చూస్తారండీ? తలమీద నిలబడితేగా!"

"చూడక్కర్లేదనే నేనూ అంటున్నా."

"మీరు మాట దాటేస్తున్నారు," అన్నాడాయన, కోపంగా కాదు, నిజంగానే అంతుపట్టక. "ఇన్నేళ్ళు ఇన్ని కొండలు తిరిగిన మనిషి ఈ నాలుగడుగులు వెయ్యనంటే, అందులో ఏదో ఉంది. ఆ పిల్లల కోసమైనా వెయ్యలేరా?"

ఆ మాట గట్టిగా తగిలింది. అత్త మొహంలో రంగు మారడం మేనకోడలు చూసింది. పళ్ళెం మీద చెయ్యి ఉంది. జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. చెప్తే కథవుతుంది. చెప్పకపోతే, పిల్లల కోసం నాలుగడుగులు కూడా వెయ్యని మనిషిగా మిగిలిపోతుంది. ఆవిడ అలా మిగిలిపోవడానికే సిద్ధపడుతోందని మేనకోడలికి అర్థమైంది.

"అత్త వెళ్తుంది సార్," అంది మేనకోడలు.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"అత్త చేసే పని ఒకటుంది మెడ దగ్గర. ఈసారి అది నేను చేస్తా. అత్త పైకి వెళ్తుంది, మీ బూట్లు వేసుకుని. మీ బోర్డుకి చెప్పండి."

అత్త ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది. మేనకోడలు పళ్ళు బిగబట్టింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. బూట్లాయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఏమీ అర్థం కాలేదు. అయినా అర్థం కాని సంతోషం కూడా సంతోషమే కాబట్టి చెయ్యి కలిపి, మళ్ళీ వానలోకి వంగి, చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

తలుపు పడ్డ చప్పుడు వినబడేదాకా అత్త ఆగింది.

"ఎవర్నడిగి మాటిచ్చావే?"

"నువ్వు ఇవ్వవని తెలిసి ఇచ్చా."

"కూర్చోవడం అంటే ఏమనుకున్నావు? ఎక్కేవాళ్ళకి ఒళ్ళు వేడెక్కుతుంది, ముందు ఏదో కనబడుతూంటుంది. కూర్చున్నవాళ్ళకి ఏమీ ఉండదు. చెయ్యి మొద్దుబారుతుంది. ఇక చాల్లే, ఎవరూ రారులే అనిపిస్తుంది. ఆ అనిపించిన తర్వాత కూడా కొట్టాలి. నువ్వు గడియారం ఊడదీసే పిల్లవి. ఒక్కచోట కూర్చోగలవా?"

"తెలీదు," అంది మేనకోడలు నిజాయితీగా. "నాకు తలమీదికే వెళ్ళాలనుంది. ఇప్పటికీ ఉంది. నువ్వు కూడా వెళ్ళాలనుకుని ఉంటావుగా, ఒక్కసారైనా?"

 అత్త ఆ పిల్ల మొహంలోకి చూసి, ఫ్లాస్కులో మిగిలిన టీ గ్లాసులో పోసి, ఆమె ముందు పెట్టింది. అది ఒప్పుకోవడమో, ఊరుకోబెట్టడమో మేనకోడలికి తెలియలేదు. తాగింది.

ఫోను మోగింది. గైడు. దారి చూసి రావడానికి జట్టు కన్నా ముందే కొండకి వెళ్ళాడు. వాన మోతలో వినబడక అత్త స్పీకరు నొక్కింది.

"అమ్మగారూ, మెడ దాకా వచ్చా. దారి బాగానే ఉంది. కానీ..." గాలికి మాట తెగింది. "మన చోట ఎవరో ఉన్నారమ్మా. చిన్న టెంటు వేసుకుని కూర్చున్నాడు. పెద్దవయసు మనిషి. ఒక్కడే."

"దారి తప్పాడేమో. దించుకురా."

"నేనూ అదే అన్నా. రానంటున్నాడు. దారి తప్పలేదు, తెలిసే వచ్చానంటున్నాడు. మిమ్మల్ని అడిగాడమ్మా. టెంట్ల ఫ్యాక్టరీ ఆవిడ ఈ ఏడు ఈ కొండకే వస్తోందట కదా, పేపర్లో చూశా అన్నాడు."

అత్త, మేనకోడలు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎవరట?"

"అదే చెప్దామని చేశా. ఎలా చెప్పాలో తెలీట్లేదు." గైడు గొంతు తగ్గింది. "అప్పట్లో ఇక్కడ కూర్చున్న ఆవిడ ఉందే, ఆవిడ మొగుణ్ణంటున్నాడు. ఆవిడ ఆ రోజునుంచీ ఇంటికి రాలేదట. నా భార్యని ఆఖరుసారి చూసింది మీ అమ్మగారేనని పోలీసుల దగ్గర తెలిసింది, ఎక్కడుందో ఆవిడకి తెలుసు, ఆవిడొచ్చి చెప్పేదాకా ఇక్కణ్ణుంచి లేవను అంటున్నాడు. దగ్గర తిండి కూడా పెద్దగా లేదు. ఇక్కడ మబ్బు పడుతోందమ్మా. ఏం చెయ్యమంటారు?"

అత్త ఫోను మొహానికి దగ్గరగా తీసుకుంది. 

"చూడటమా?" అంది, ఫోనుతో కాదు, తనతో. "నేను ఆవిణ్ణి చూడనే లేదే."

ఫోను కుయ్‌మని తెగిపోయింది. మళ్ళీ కలపబోతే అందలేదు.

అత్త జిప్పు లాగింది. ఫ్యాను గాలి మొహాన కొడుతున్నా ఆగకుండా ఆ వానలోనే నేరుగా తలుపు వైపు నడిచింది. మేనకోడలు పళ్ళెం సంచిలో పడేసి, దాన్ని భుజాన వేసుకుని వెనకాలే పరిగెత్తింది. ఖాళీ గుడారం మీద వాన ఇంకా కురుస్తూనే ఉంది. దాన్ని ఆపాలని ఇద్దరికీ గుర్తు రాలేదు.